సగం గ్లాసులో పోసిన సోజు

ఉన్సిల్ పొద్దున వేసుకునే మాత్ర సాయంత్రానికి దిగిపోతుంది. ఆఫీసు విందులు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. చోంగ్జు ఊళ్లో అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీలో ఆమె పెట్టెల మీద బొమ్మలు గీస్తుంది. ఆమె గీసిన బొమ్మకి వంక పెట్టినవాడు లేడు. విందులో ఆమె నడతకి మాత్రం అందరూ వంక పెట్టేవాళ్లే.

ఏ పని మీదా మనసు నిలవని తన తీరుకి పేరు ఏడీహెచ్‌డీ అని డాక్టరు చెప్పేనాటికి ఆమెకి ముప్పై ఆరేళ్లు నిండాయి. అంతకుముందు దానికి వేరే పేర్లుండేవి. వాళ్లమ్మ పొగరంది, టీచర్లు బద్ధకమన్నారు, విడిపోయిన మొగుడు తనంటే లెక్కలేదన్నాడు. డాక్టరు చెప్పిన పేరు వినగానే ప్రాణం కుదుటపడిన మాట నిజమే గానీ, అది ఆఫీసులో చెప్పుకునే సంగతి కాదు. చెబితే రెండ్రోజులు జాలిపడి, ఆ తర్వాత ముఖ్యమైన పనేదీ చేతికివ్వరు.

పేరుకే విందు, నిజానికి అది పరీక్ష. పెద్దవాళ్ల గ్లాసు ఖాళీ అయిందో లేదో కనిపెట్టి ఉండాలి. రెండు చేతులతో పొయ్యాలి. తన గ్లాసు తాను నింపుకోకూడదు. తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. ఇన్నిటి మధ్య బల్ల మీది పొయ్యిలో మాంసం మాడకుండా చూడాలి. ఉన్సిల్ చెవిలో పక్కబల్ల వాళ్ల తగువూ, టీవీలో ఆటా, ఎదుటివాడు చెప్పే జోకూ అన్నీ ఒకే జోరున పడతాయి. అందరూ నవ్వి ఊరుకున్నాక ఆమె నవ్వుతుంది. ఈలోగా మాంసం మాడిపోతుంది.

అక్కడ ఆమెకి దిక్కు టీమ్ లీడరు ప్యో గారొక్కరే. యాభై దాటిన మనిషి, మాటలో వెటకారం, మనసులో వెన్న. ఆమె చేతిలో పట్టకారు లాక్కుని, "అమ్మాయ్, నిన్ను నమ్ముకుంటే బొగ్గులు తిని పడుకోవాలి. వచ్చి నా పక్కన కూర్చో" అనేవారు. కూర్చున్నాక ఎవరూ చూడకుండా ఆమె గ్లాసులో సోజు సారాకి బదులు మంచినీళ్లు పోసేవారు. ఎందుకని ఆమె అడగలేదు. ఒకసారి లిఫ్టులో ఆమె సంచిలోంచి మాత్రల అట్ట కిందపడితే ఆయనే తీసి చేతిలో పెడుతూ, "మా రెండోవాడివీ ఇవే" అన్నారు. అంతకుమించి ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అలాంటి మనిషి వసంతంలో పొడుగు సెలవు పెట్టారు. వీడ్కోలు విందు ఏర్పాటు చేసినవాడు మెంగ్. ఉన్సిల్‌కి పైవాడు, ఈడులో సమానుడు, అన్నీ వేళకి జరగాలనే మనిషి. మధ్యాహ్నం అందరి ఫోన్లకీ మెసేజ్ పెట్టాడు. పైన హోటల్ పేరు. కింద అసలు సంగతి: లీడర్ గారికి కడుపులో కేన్సరు, వచ్చేవారం ఆపరేషను, ఆ మాట బల్ల దగ్గర ఎత్తొద్దని ఆయనే అడిగారు, మర్యాదకి ఒక్క గ్లాసు ముందుంచుకుంటారు, ఎవరూ పొయ్యొద్దు.

ఉన్సిల్ ఆ మెసేజ్ తెరిచింది. హోటల్ పేరు చూడగానే దాని బోర్డు మీది బాతు గుర్తొచ్చింది. వారంరోజులుగా ఒక పెట్టె మీద బాతు కాలు కుదరక చస్తోంది. ఆ బోర్డు మీది కాలు ఎంత బాగా కుదిరిందో తలుచుకుంటూ ఫోను పక్కన పడేసి గియ్యడం మొదలుపెట్టింది. కిందిదాకా చదవనే లేదు. ఆయన ఊరికే సెలవు పెట్టారనుకుంది. ఆ సాయంత్రం మాత్రం తప్పు చెయ్యకూడదని, తన చేత్తో ఆయనకొక గ్లాసు పోసి, ఇన్నాళ్లూ కాచుకున్నందుకు నోరారా ఒక మంచిమాట చెప్పుకోవాలని గట్టిగా అనుకుంది.

తాగగా మిగిలిన గ్లాసులో మళ్లీ పొయ్యకూడదని వాళ్ల దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పూర్తిగా ఖాళీ అయ్యాకే పొయ్యాలి. ఉన్నదాని మీద పొయ్యడం చనిపోయినవాళ్లకి, పటం ముందో ఆబ్దికం రోజునో. ఉన్సిల్‌కీ తెలుసు. తెలియక తప్పు చేసేదైతే ఆమె బతుకు ఇంకోలా ఉండేది.

ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ప్యో గారి గ్లాసు మొదటినుంచీ సగంలోనే ఉంది. చెప్పాలనుకున్న మాట ఉన్సిల్ గొంతులోనే తిరుగుతోంది, అది మరిచిపోతానేమోనని భయం. కళ్లు ఆయన మొహం మీదే ఉన్నాయి. రెండు చేతులతో సీసా ఎత్తి, "లీడర్ గారూ, నేను మీకు..." అంటూ పోసేసింది.

మెంగ్ ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. సోజు ప్యో గారి చొక్కా మీద ఒలికింది.

"ఏంటి ఉన్సిల్ గారూ, బతికున్న మనిషికి తద్దినం పెడుతున్నారా? పొద్దున్న పెట్టిన మెసేజ్ చదివి ఏడ్చారా?" అన్నాడు. మధ్యాహ్నం పెట్టినదాన్ని వాడూ పొద్దున అనేశాడు, కంగారలాంటిది.

ఆమె బల్ల కింద ఫోను తీసి చదివింది. చదివాక తలెత్తలేకపోయింది. ప్యో గారు చొక్కా తుడుచుకుంటూ, "పోనీలే అమ్మాయ్, పోయింది సోజేగా" అన్నారు. ఆయన ఇంకా ఏదో అనబోతుండగానే ఆమె లేచింది. గుమ్మంలో విడిచిన బూట్లు కూడా తొడుక్కోకుండా హోటల్ వాళ్ల రబ్బరు చెప్పులతో ఇంటికెళ్లిపోయింది.

మర్నాడు ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నీ బూట్లు మా ఇంట్లో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లు, అని.

ఇలాంటిదానికి రెండు ముక్కల్లో ఎలా జవాబిస్తాం? మంచిమాటలు కూర్చుకుని రాత్రికి రాద్దామనుకుంది. రాత్రికి, ఆదివారం నాడు నేరుగా వెళ్దామనుకుంది. ఆదివారం వచ్చేసరికి, ఇన్నిరోజులు ఊరుకుని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తామనిపించింది. ఆలస్యమైనకొద్దీ సిగ్గు పెరిగింది, సిగ్గు పెరిగినకొద్దీ ఆలస్యమైంది. రోజూ పడుకునేముందు ఆయన గుర్తొచ్చేవారు. పగలు బూట్ల అంగడి కనిపించినా తల తిప్పుకునేది. ఆకులు రాలేవేళకి ఆయన పోయారు.

ఆస్పత్రి పక్కనున్న సంతాపశాలకి ఆఫీసు మొత్తం వచ్చింది. అదీ ఒక రకంగా ఆఫీసు విందే. కారంపులుసు పెడతారు, సోజు పోస్తారు, గ్లాసులు మాత్రం తాకించకూడదు. ఉన్సిల్ మెంగ్‌కి ఎదురుగా కూర్చుని, ఎక్కడ ఏ తప్పు చేస్తానోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఆకలేస్తున్నా చెంచా ముట్టలేదు.

నల్లబట్టల్లో ఉన్న ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. ప్యో గారి భార్య.

"నువ్వేనామ్మా ఉన్సిల్?"

ఆమె తలూపింది.

"ఆ రోజు ఇంటికొచ్చి ఒకటే నవ్వు. అందరూ నన్ను అప్పుడే పాడె ఎక్కించేశారే, ఆ పిల్లొక్కతే మామూలుగా పోసింది అన్నారు. నీ బూట్లు గుమ్మంలోనే పెట్టించారు. పక్కకి తీస్తే ఊరుకునేవారు కాదు. వస్తుందిలే, ఏదో తప్పు బస్సెక్కి ఉంటుంది అనేవారు."

ఎక్కాల్సిన బస్సు రోజూ ఉన్సిల్ గుమ్మం ముందు నుంచే పోయింది. తిట్టినవాళ్ల దగ్గరికి జీవితమంతా పరిగెత్తి వెళ్లింది. తిట్టని ఒక్క మనిషి దగ్గరికే వెళ్లలేకపోయింది.

ఆవిడ ఆమెని లేపి పటం ముందుకి తీసుకెళ్లింది. ఆయన ఆ ఫోటోలో ఎవరినో ఆటపట్టించబోతున్నట్టే ఉన్నారు. ముందున్న గ్లాసు అప్పటికే సగం నిండి ఉంది. ఆవిడ సీసా అందించి, "పొయ్యమ్మా" అంది.

ఉన్సిల్ రెండు చేతులతో సీసా పట్టుకుంది. శాలలో ఎవరు ఏం మాట్లాడుతున్నారో ఆమెకి వినపడలేదు. కొంచెం కొంచెంగా పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. గ్లాసు అంచుదాకా నిండింది. ఈసారి ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.