ముక్కు ఎలా ఉందమ్మా?

మొన్న పొద్దున్నే మా కెమిస్ట్రీ మేడంగారు పోయారు. తాడేపల్లిగూడెంలో మాతో ఇంటర్ చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. నిమిషంలో నలభై దండాలు పడ్డాయి. నేనేమీ పెట్టలేదు. ఏడుపుకన్నా ముందు నాకు ఒళ్ళు మండింది. ఇంకొక్క నెల ఆగకూడదూ ఆవిడ!

మిగతా కాలేజీల పిల్లలు రికార్డులు చూసి రాసేసుకుని హాయిగా తిరుగుతుంటే, మేడంగారు మమ్మల్ని అన్నానికి కూడా వదలకుండా సాల్ట్ ఎనాలిసిస్ చేయించేవారు. ఏదో తెల్లపొడి ఇచ్చి, అదేమిటో కనుక్కోమనడం. "చూసింది రాయండమ్మా, ఎవరో రాసింది చూడకండి" అని రోజుకి పదిసార్లు. చాదస్తం! పైగా పిల్లలు ఏం చెప్పినా నమ్మేవారు, అదో జబ్బు ఆవిడకి. "కడుపునొప్పండీ" అంటే చాలు, తన మజ్జిగన్నం బాక్సు మా ముందు పెట్టేసేవారు.

ప్రాక్టికల్ పరీక్షకి ముందురోజు, ఏ నంబరుకి ఏ సాల్ట్ వస్తుందో రాసిన చీటీ ఒకటి మాకు చేరింది. నాకు కాల్షియం కార్బొనేట్ అట. తీరా పరీక్షలో సోడియం హైడ్రాక్సైడ్ పోసి వేడిచేస్తే అమ్మోనియా ఘాటు నషాళానికంటింది. అయినా బుద్ధి గడ్డి తిని, చీటీలో ఉన్నదే రాసొచ్చా.

బయట మేడంగారు ఆపి ఏం రాశానో అడిగారు, చెప్పా. "అది అమ్మోనియం సాల్టమ్మా. ఘాటు తగల్లేదా నీకు?"

"లేదండీ."

చీటీ సంగతి బయటపడుతుందని ఆడిన అబద్ధం. ఆవిడ నమ్మేశారు! ఆ సాయంత్రమే బస్సెక్కి పెంటపాడులో మా ఇంటికొచ్చి, "పిల్లకి వాసన తెలియట్లేదండీ, అశ్రద్ధ చేయకండి" అని మా అమ్మకి చెప్పారు. అమ్మ నన్ను ఏలూరు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన ముక్కులో లైటు వేసి చూసి ఏమీ లేదన్నాడు. "డాక్టర్లకేం తెలుసమ్మా" అన్నారు మేడంగారు.

అది మొదలు, ఎక్కడ కనబడ్డా ఒకటే ప్రశ్న: "ముక్కు ఎలా ఉందమ్మా?" బస్టాండులో, కూరల బజార్లో, చివరికి నా పెళ్ళిలో అక్షింతలు వేస్తూ కూడా! "బాగుందండీ" అనేదాన్ని తల దించుకుని.

ఇప్పుడు నేను గుండుగొలనులో, చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో చేస్తున్నా. పొద్దస్తమానం అమ్మోనియా పరీక్షలే. ఆవిడ నేర్పిన విద్యతో అన్నం తింటూ, ఆవిడకి ఒక్క నిజం చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే నెల వెళ్దాం, ఆ పై నెల వెళ్దాం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశా. ఛీ, ఏం మనిషిని!

సమాధుల దొడ్డిలో గుప్పెడు మట్టి వేయడానికి వరసలో నిలబడితే మేడంగారి అమ్మాయి నన్ను పోల్చుకుంది.

"పెంటపాడు అక్క కదండీ? అమ్మ రోజూ ప్రార్థనలో మీ ముక్కు నయం కావాలని అడిగేదండీ. మొన్న ఆదివారం కూడా అడిగింది."

పొద్దుటి వానకి మట్టి ముద్దయిపోయింది. వేద్దామని చెయ్యి చాపితే వేళ్ళకంటుకుని రాలదు. వెనకవాళ్ళు "కానివ్వండమ్మా" అంటున్నారు. నేను చెయ్యి విదిలిస్తూనే ఉన్నా.