సున్నాలో నిలువు గీత

"...ఆ పోస్టరు గోడకు పెట్టింది డాక్టర్ల కోసం పెద్దాయనా, మీకోసం కాదు!"

"అండ్ల ఉన్నది మా ఇంటోళ్లే గద సారూ. జర చూస్తే అరుగుతదా?"

న్యూరాలజీ విభాగం వరండాలో, పరీక్ష మొదలయ్యే ముందు, అసిస్టెంట్ ప్రొఫెసర్ భార్గవ్‌కూ రాజనర్సయ్యకూ మాటామాటా పెరిగింది.

రాజనర్సయ్య అమీర్‌పేటలో ముప్పై ఏళ్లు ప్యాంట్లు కుట్టాడు. చేయి వణికి, అడుగు తూలడం మొదలయ్యాక మిషను మానాడు. చిన్నమెదడు జబ్బన్నారు, మందు లేదన్నారు. నయం చేయడానికి పనికిరాని జబ్బు పాఠం చెప్పడానికి మాత్రం దివ్యంగా పనికొచ్చింది. పై చదువు డాక్టర్లకు పరీక్షలంటే చాలు, పంజాగుట్టలోని ఈ ఆసుపత్రి నుంచి యూసుఫ్‌గూడలోని ఆయన గదికి ఫోను వచ్చేది. తొమ్మిదేళ్లుగా అదే తంతు. ఆటో పంపుతారు, ఇడ్లీ పెడతారు. ఒక్కటే షరతు: రోగం పేరు ఆయన నోటి వెంట రాకూడదు. అది అభ్యర్థులే కనిపెట్టాలి.

మోకాలి మీద తట్టి చూసే చిన్న సుత్తిని వాళ్లు పట్టుకునే తీరు చూస్తే ఆయనకు నవ్వొస్తుంది. కాజాలు కుట్టడం రానివాడు కూడా సూదిని అంతకంటే కుదురుగా పట్టుకుంటాడు. "అన్నా, పోయినసారి వాళ్లు ఏం చెప్పారు?" అని చెమటలు కక్కుతూ చెవిలో గొణిగినవాళ్లు ఇవాళ తలుపులకు పేర్లు తగిలించుకున్నారు. భార్గవ్ కూడా ఆ బాపతే.

రెండేళ్ల కిందట రీసెర్చ్ అంటూ ఆయనదీ, కూతురు సుష్మితదీ రక్తం తీశారు. రిపోర్టు అడిగితే రీసెర్చ్‌లో రిపోర్టులుండవన్నారు. ఇవాళ చూస్తే గోడ మీద బహుమతి రిబ్బను తగిలించిన పోస్టరు. అందులో కళ్లకు నల్లపట్టీ వేసిన తన ఫొటో. పక్కన వంశవృక్షం: మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు. ఇదే జబ్బుతో పోయిన తండ్రి చదరం నలుపు, తనదీ నలుపు. కింద సుష్మిత సున్నా తెల్లగానే ఉంది కానీ మధ్యలో ఒక నిలువు గీత.

సుష్మిత ఈ మధ్య చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది.

"గా గీత అంటే ఏందో చెప్పుర్రి. అయిపాయె."

"దానికి కౌన్సెలింగ్ ఉంటుంది, ప్రొసీజర్ ఉంటుంది. తర్వాత చూద్దాం. ముందు లోపలికి పదండి, ఎగ్జామినర్ గారు వచ్చేశారు."

"గోడకు కొట్టేటప్పుడు యాడికి పోయింది సారూ, ప్రొసీజరు?"

భార్గవ్ గడియారం చూసుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని ఆయన భుజం తట్టాడు. "మీరే కదండీ మా బెస్ట్ కేసు!"

బెంచీ మీద నలుగురు అభ్యర్థులు తెల్లకోట్లు సర్దుకుంటున్నారు. రాజనర్సయ్య గోడ పట్టుకుని, తూలుతూ వెళ్లి, వాళ్లకూ భార్గవ్‌కూ మధ్య నిలబడ్డాడు.

"సారూ, గా గీత సంగతి నాకు చెప్పేదాంక, లోపలికొచ్చే ఒక్కొక్కలకు నా రోగం పేరు నేనే ముందుగాల చెప్త."