మొలతాడు కింద చిటికెనవేలు

మా బాబుకు మొలతాడు కట్టిన రోజు మా అత్త పక్కనే కూర్చుని చూపించింది.

"ముడి యేసేటప్పుడు నీ చిటికెనవేలు అడ్డం పెట్టుకోమ్మా. వేలు తీసినాక ఎంత సందు ఉంటాదో, అంత ఉండాల. లేకుంటే బిడ్డకు ఒరుసుకుంటాది."

మాది మైదుకూరు దగ్గర నేతగాళ్ల ఊరు. దారం బిగువు మాకు ఒకరు నేర్పేది కాదు. అయినా అత్త చెప్పినట్టే వేలు పెట్టి నల్లదారం ముడి వేశాను. రోజూ నీళ్లు పోసేటప్పుడు ఆ సందులోకి వేలు పోనిచ్చి, దారం కింద నలుగుపిండి నిలవకుండా కడిగేదాన్ని.

వాడు బోర్లా పడుతున్న రోజుల్లో, ఒక ఉదయం వేలు దూరలేదు.

అత్త నవ్వింది. "తాగిన పాలు యాడికి పోతాయి? నా మనవడు షావుకారు మాదిరి బొజ్జ పెంచుతాండాడు. దారం మార్చు."

సంతోషంగా మార్చాను. కొత్తదీ కొన్నాళ్లకే బిగిసింది. మళ్లీ మార్చాను. ఆ పూటే చూశాను, చేతికి కట్టిన దిష్టిపూసలు మోచేతి దాకా జారుతున్నాయి. నడుము దగ్గర బిగువు, చేతి దగ్గర వదులు.

"అత్తా, వీని చెయ్యి చూడు."

చూసింది. నవ్వలేదు. "నా కొడుకును మగ్గం దిగమను," అంది.

కర్నూలులో పెద్దాసుపత్రికి పోయాం. పొట్టకు స్కానింగు తీసి, వేరే వార్డుకు పొమ్మన్నారు. నేను బడి ముఖం చూడలేదు. మగ్గం మీద పడుగు దారాలు సరిచేస్తూ మా నాయన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన చదువే నాది. ఆ చదువుతోనే తలుపు మీది బోర్డు కూడబలుక్కున్నాను. క్యాన్సర్ అని ఉంది.

"ఇది మనకు చెప్పిన వార్డు కాదేమో, ఇంకోసారి అడిగి రాపో," అన్నాను మా ఆయనతో.

"అడిగినా. ఇదే."

"ఇంత పసిబిడ్డకా?"

"శానా తక్కువ మందికి వస్తాదంట." ఆయన నా వైపు చూడలేదు.

బాబు లావెక్కలేదు. కాలేయంలో గడ్డ పెరిగింది. మందు ఎక్కించి చూస్తామన్నారు డాక్టరమ్మ. గడ్డ తగ్గితే కోసి తీసేయొచ్చు, తగ్గకపోతే కష్టం అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి నా ప్రాణం చిటికెనవేల్లోనే ఉంది.

మందు ఎక్కిస్తున్న రోజుల్లో, వార్డులో పొద్దున్నే తడిగుడ్డతో వాడి ఒళ్లు తుడవాలి. శ్రీశైలం మల్లన్నను తలుచుకుని మొదలుపెట్టేదాన్ని. మెడ తుడిచి, కాళ్లు తుడిచి, మళ్లీ మెడకే వచ్చేదాన్ని. నడుము దగ్గరికి మాత్రం పోయేదాన్ని కాదు.

పక్క మంచం తల్లిది కోడుమూరు. ఒకరోజు ఊరుకోలేకపోయింది. "ఏమక్కా, ఆ మెడ ఇంకెంత రుద్దుతావు, అరిగిపోతాది! పొట్ట కాడికి పో."

"భయమవుతాంది."

"నేను ఈడ్నే ఉండా. పెట్టు వేలు."

పెట్టాను. దూరింది. ఇద్దరం ఎంత నవ్వామంటే నర్సమ్మ వచ్చి కసురుకుంది. బాబు కూడా మమ్మల్ని చూసి బోసినోటితో నవ్వాడు. ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ దూరింది. ఆ రోజులు ఇచ్చినందుకు, ఆ తల్లిని మా పక్క మంచానికి పంపినందుకు, ఈనాటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

తర్వాత ఒక ఉదయం వేలు గోరు దగ్గరే ఆగింది. దారం తడిసి బిగిసిందేమో అనుకున్నాను. నానిన నూలు బిగుస్తుంది, మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆరేదాకా కదలకుండా కూర్చున్నాను. ఆరింది. వేలు మాత్రం గోరు దాటి పోలేదు.

గడ్డ తగ్గలేదు, ఇక చేయగలిగింది లేదన్నారు డాక్టరమ్మ. ఇంటికి తెచ్చుకున్నాం. నా ఒళ్లోనే కన్నుమూశాడు. తీసుకుపోయే ముందు ఒక పెద్దాయన, "మొలతాడు తెంపండమ్మా," అన్నాడు. తెంపొద్దన్నాను. ముడి నేనే విప్పాను. దారం వచ్చేసింది, నడుము చుట్టూ దాని గీత మిగిలింది.

ఇప్పుడు మాకు పాప. దేవుడి దయ, దోగాడుతోంది. నేను దానికి నీళ్లు పోస్తుంటే వంటింట్లో అత్త గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. నేను కళ్లు మూసుకుని మొలతాడు కింద వేలు పెడతాను.

"దూరింది అత్తా," అంటాను.

కాసేపటికి గిన్నెలు మళ్లీ మోగుతాయి.