సూది వైపు చూడని ఆవిడ

మా యాభయ్యో పెళ్ళిరోజుకి పెద్ద ఫొటో తీసి హాల్లో పెడతానంది మా అమ్మాయి. సరేగానీ నా చేతిలో పువ్వు మాత్రం పెట్టొద్దన్నాను. పెళ్ళైన కొత్తలో స్టూడియోలో తీయించుకున్న ఫొటోలో నా చేతిలో ప్లాస్టిక్ గులాబీ, మా ఆయన చేతిలో లావుపాటి పుస్తకం ఉంటాయి. రెండూ స్టూడియో వాళ్ళవే. అప్పటికే మెడిసిన్ పూర్తిచేసి డాక్టర్నయింది నేను, పుస్తకం మాత్రం ఆయనకిచ్చారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం స్నేహితులతో కలిసి మ్యూజియంకి వెళ్ళాం. పంతొమ్మిదో శతాబ్దపు చిత్రాలున్న గదిలో నాకు మా స్టూడియోనే మళ్ళీ కనిపించింది. మగవాళ్ళ దగ్గర పుస్తకాలు, మ్యాపులు, గ్లోబులు. ఆడవాళ్ళ దగ్గర విసనకర్ర, పువ్వు, పసిబిడ్డ, కుట్టుపని. వాళ్ళలో దుకాణం నడిపినవాళ్ళు, పొలం చేయించినవాళ్ళు ఉండే ఉంటారు. బొమ్మల్లో మాత్రం అందరూ తీరిగ్గా కూర్చునే ఉన్నారు. "చూశారా, అప్పటినుంచీ ఇదే వరస" అంటూ నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

మా ఆయన వింటేగా! కళ్ళజోడు పైకి తోసుకుని ఒక బొమ్మ దగ్గర నిలబడిపోయారు. అందులో నల్ల పట్టుగౌను ఆవిడ. ఒళ్ళో తెల్లగుడ్డ, వేళ్ళ మధ్య సూది, చూపు మాత్రం తిన్నగా మనవైపు.

"ఈవిడకి కుట్టడం రాదు" అన్నారు పైకే. "గుడ్డ వంక చూడకుండా ఎవరు కుడతారు? వేలికి గుచ్చుకోదూ? పైగా దారం ఇంత పొడుగు తీసుకుంటే చిక్కుపడి చస్తుంది."

పక్కనున్న నా స్నేహితురాలు గిరుక్కున తిరిగింది. "అన్నయ్యగారూ! డాక్టరుగారి చీరలకి ఫాల్ ఎవరు కుడుతున్నారో ఇప్పుడర్థమైంది!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మేం అమెరికాలో ఈ ట్రాయ్ ఊరికి వచ్చిన కొత్తలో ఇక్కడ ఫాల్ కుట్టేవాళ్ళు లేరు, నాకేమో హాస్పిటల్లో ఊపిరాడేది కాదు. కార్ల కంపెనీలో ఇంజనీరైన ఆయనే సూది పట్టారు. చీర పైవైపు ఆయన కుట్టు కనబడితే ఒట్టు! కానీ ఎవరైనా బెల్ కొడితే చాలు, చీర సోఫా కుషన్ వెనక్కి వెళ్ళిపోయేది.

ఇంటికొస్తూ కార్లో అన్నాను. "ఫొటోలో నేను స్టెత్ వేసుకుంటాను. మీరు సూది పట్టుకోండి."

"నలుగురూ నవ్వుతారే."

"నవ్వనివ్వండి. నాకు ఇంకో అబద్ధం ఫొటో వద్దు."

గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఫొటో రోజున ఆయన ఒక పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. నా ప్రాణం ఉసూరుమంది. వచ్చి సోఫాలో కూర్చున్నారు. పుస్తకం పక్కన పడేసి, కుషన్ వెనకనుంచి నా గంధం రంగు చీర బయటికి లాగి, సూదిలో దారం ఎక్కించారు.

అమ్మాయి కెమెరా సర్దుకుంది. "నాన్నా, లుక్ హియర్! ఇటు చూడండి."

"చూస్తే కుట్టు తప్పుతుందమ్మా" అన్నారు తల ఎత్తకుండా.

ఇప్పుడు మా హాల్లో ఉన్న ఫొటోలో కెమెరా వైపు చూస్తున్నది నేనొక్కదాన్నే, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.