బుగులు పోతుంటే వచ్చే నవ్వు

మా మేనత్త పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో ఎడిటింగ్ గదిలో ఉన్నాను. ఎదురుగా తెర మీద, పోయినవాళ్ల పేరున పిట్టకు పెట్టే సీను. కాకి ముట్టక ఇంటిల్లిపాదీ తిప్పలు పడుతుంటారు. అది నవ్విస్తుందా, బెడిసికొడుతుందా తేలక తల పట్టుకున్నాను. "మీ అత్త లేదురా" అన్నాడు మామ. పత్తి ఏరే కూలీలను పిలవడానికని బయల్దేరి గడపలోనే పడిపోయిందట. వచ్చే శుక్రవారం నా సినిమా విడుదల. ఆమె చూడకుండా జనంలోకి పోతున్న సినిమా నాకిదే మొదటిది.

నేను తీసేవన్నీ కామెడీలే. ప్రతిసారీ విడుదలకు ముందు లాప్‌టాప్ పట్టుకుని భైంసా దగ్గర ఆమె ఊరికి వెళ్లేవాణ్ని. ముందుగది నిండా పత్తి కుప్ప. దానికి ఆనుకుని ఆమె సినిమా చూసేది, నేను ఆమె మొహం చూసేవాణ్ని. నవ్వు ఎక్కువైతే చప్పున అరచేత్తో నోరు మూసుకునేది. "గింత నవ్వినం, ఇగ ఎంత ఏడ్వాలెనో" అనేది. బుగులు మనిషి మా అత్త, అన్నిటికీ భయమే. బస్సు ఆలస్యమైతే బుగులు, మబ్బు పడితే బుగులు. అన్నిటికంటే పెద్దది, అప్పట్లో దుబాయిలో ఉన్న మామ గురించిన బుగులు.

నేను డిగ్రీలో ఉండగా సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. మామ శుక్రవారం తప్ప ఫోన్ చేసేవాడు కాదు. ఆ మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. అత్త లేవలేదు. నన్ను ఎత్తమని సైగ చేసి గోడ పట్టుకుంది. మోగి మోగి ఆగిపోతుందనగా ఎత్తాను. పచ్చిపులుసు ఎంతసేపు మరగబెట్టాలో అత్తనడిగి చెప్పమన్నాడు మామ. అత్త ఉన్నచోటే కూలబడి, కళ్లల్లో నీళ్లు కారేదాకా నవ్వింది. ఆ తర్వాత ఫోన్ లాక్కుని ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నా మొదటి సినిమాలో ఆ ముచ్చటనే పెట్టాను. ఆమెకు చూపిస్తే మొహంలో చలనం లేదు. ఎందుకు నవ్వలేదని అడిగాను.

"ఫోన్ మోగంగనే నవ్వియ్యబడితివి. ఆనాడు నా పానం పోయింది గదా, గది ఏడున్నది?" అంది. తనే మళ్లీ, "నవ్వు ఊకె రాదు బిడ్డా. బుగులు పోతుంటె వస్తది" అంది.

తిరిగి వెళ్లి ఆ ఫోన్‌ను చాలాసేపు మోగనిచ్చాను. కరీంనగర్ థియేటర్లో జనం బిగుసుకుపోయి, ఆనక విరగబడి నవ్వారు. నాకు సినిమాలు రావడం అక్కడ మొదలైంది. ఆ రుణం తీరేది కాదు.

ఈ కొత్త సినిమాను మాత్రం ఆమెకు చూపించడానికి భయపడ్డాను. చావు చుట్టూ నవ్వు. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

మూడో రోజు ఆమెకే పిట్టకు పెట్టారు. కోడికూర, గారెలు, పచ్చిపులుసు, ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. పోయినామెకు ఏదో కోరిక మిగిలిందని అందరికీ దిగులు. మనవరాలిని చదివిస్తామని ఒకరు, చెల్లెలిని చూసుకుంటామని ఒకరు మాటలిచ్చారు. అచ్చం నేను రాసిన సీనే. శుక్రవారం వీళ్లంతా ఆ సినిమా చూస్తారు. మా ఏడుపును అమ్ముకున్నావని అంటే ఏం చెప్పను? సీను తీసేయాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

అప్పుడు మామ ముందుకు వచ్చాడు. మోకాళ్లు అరిగి, దుబాయి వదిలి ఏళ్లయిన మనిషి. ఊరి బస్సే ఎక్కలేడు. విస్తరి ముందు చేతులు జోడించి, "ఏమే, ఇగ నేను దుబాయికి పోనే. నీ మీద ఒట్టు. జర ముట్టు" అన్నాడు.

అత్త చెల్లెలు ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఆ వెనక అందరూ. వెంటనే, ఆమె ఇంట్లో పెరిగిన అలవాటేమో, అందరి అరచేతులూ నోళ్ల మీదికి వెళ్లాయి. నాదీ.

పక్కకు వచ్చి ఎడిటర్‌కు ఫోన్ చేశాను. ఆ సీను ఉండనిమ్మని, కాకి దిగేముందు షాట్‌ను ఇంకొంతసేపు నిలపమని చెప్పాను. ఎంతసేపు అన్నాడు. అది చెప్పే మనిషి లేదు. శుక్రవారం తలుచుకుంటే ఇప్పటికీ బుగులుగానే ఉంది.

నేను తిరిగి వచ్చేసరికి ఒక కాకి దిగి, పచ్చిపులుసుతో తడిసిన అన్నం ముక్కున కరుచుకుని వెళ్లిపోయింది. జనం ఊపిరి పీల్చుకుని ఇంటి దారి పట్టారు. మామ మాత్రం విస్తరి దగ్గరే నిలబడి ఉన్నాడు, నోటి మీది చెయ్యి తీయకుండా.