శ్రీరంగప్పకు సన్నబడిన నరం

ధర్మవరంలో మా పక్కింటి నేతగాడు శ్రీరంగప్పకు ఒకటే అలవాటు. రోజుకు మూడుసార్లు చచ్చిపోతున్నానని చెప్పి అందరి దగ్గరా సెలవు తీసుకునేవాడు.

"సారూ, పోతాండా. మెదడుకు పోయే నరం సన్నబడిండాది. ఏ గడియకైనా పక్షవాతం కొట్టొచ్చు. ఇదే కడచూపు."

"నిన్నా ఇదే అంటివి గదప్పా."

"నిన్న తప్పింది. ఈపొద్దు తప్పదు."

సాయంత్రం మళ్లీ వచ్చేవాడు. పొద్దున నన్ను సరిగ్గా చూడలేదట.

ఇది ఎనభై ఆరులో మాట. వానల్లేవు, బావుల్లో నీళ్లు లేవు, చీరలు అడిగేవాళ్లు లేరు. మగ్గానికి దారం కండెలు చుడుతున్న భార్య ఓబమ్మకు రెండుసార్లు కుడిచేయి మొద్దుబారి, మాట పడిపోయి, పది నిమిషాలకు సర్దుకుంది. ఆమెను బెంగుళూరు పెద్దాసుపత్రిలో చూపించడానికి పోయి, ఈయన తన జబ్బు తెలుసుకుని వచ్చాడు. ఆమెది ఉత్త నీరసమేనట.

ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు బంద్. "నేను చప్పిడి తింటాంటే నువ్వు ఊరగాయ నంజుకుంటావా?" తను బీడీలు పారేసి, ఆమె పొగాకూ పారేశాడు. రోజూ మాత్ర దగ్గర పేచీ. "ఒక్కన్నే మింగాలంటే భయమైతాది. నువ్వూ ఒకటి మింగు."

"సచ్చేదానికి గూడా తోడు కావల్లా నీకి!" అని తిడుతూనే ఓబమ్మ మింగేది.

మగ్గం మీద కూర్చున్నా అదే ఏడుపు. "ఈ చీర కొంగు నేసేది ఎవరో!" అట్లా అంటూనే పన్నెండు కొంగులు నేశాడు.

ఒకసారి జ్వరమొచ్చి లేవలేక, మాత్రల చీటీ నా చేతికిచ్చాడు. మందుల షాపు ముందు విప్పి చూస్తే, పేరు ఓబమ్మ. వయసు నలభై ఎనిమిది. మెడలో ఎడమవైపు మెదడుకు పోయే రక్తనాళం బాగా సన్నబడిందని రాసి ఉంది.

తిరిగొచ్చి నిలదీశాను. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆపరేషన్ చేయండని డాక్టరు కాళ్లు పట్టుకుంటి సారూ. నెత్తిమీది నరం తీసి మెదడు నరానికి కుట్టేదుండెనంట. దాంతో మేల్లేదని పోయినేడే తేలిందంట. ఇంగ ఈ ఆస్పిరిన్ మాత్రలే గతి. ఓబమ్మ వాళ్లమ్మ పక్షవాతమొచ్చి మూడేండ్లు మంచాన పడి పాయ. తెలిస్తే ఇది భయంతోనే పోతాది. అందుకే జబ్బు నాదంటి."

"మరి నువ్వు మింగేది?"

"పిప్పరమెంటు."

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన బయట ఓబమ్మ అలికిడికి చెవి ఒగ్గాడు. "రోజూ దాన్ని రెచ్చగొడతాండా సారూ, నాలిక తిరుగుతాదా లేదా అని. అది నోరారా తిడితేనే నాకి నెమ్మది."

బయట ఓబమ్మ గంజి వారుస్తోంది. "ఏమంటాడు?"

"బతకనంటున్నాడు."

"జబ్బెవరికో నాకి తెల్దా సారూ? బెంగుళూరులో సూది గుచ్చి పటాలు తీసింది నాకే గదా. దాస్తాండాడు, దాయనీ. నాకి తెలుసని తెలిస్తే ఆయప్ప నిజంగా పడిపోతాడు."

కళ్లు తుడుచుకుని లోపలికి కేకేసింది. "ఏమయ్యో, సచ్చినావా ఉండావా? లేచి గంజి తాగు, దొంగముండాకొడకా!"

ఒక్క అక్షరం తడబడలేదు. లోపల మంచం కిర్రుమంది.

"సరిగ్గా ఇనపళ్లా! ఇంగోసారి తిట్టు!"