తెలుగులో చెప్పిన నంబర్లు

మా ఇంట్లో మూడో కంప్యూటర్‌లో ఉన్నది పాఠాలు కాదు, నా డైరీ అని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తమిళనాడు కోవిల్‌పట్టిలో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త. విరుదునగర్ హాస్టల్ నుంచి కూడా రాసుకోవచ్చని, మూడు కంప్యూటర్లూ బయటినుంచి తెరుచుకునేలా ఒక్కోదానికి ఒక్కో పోర్టు నంబరు నేనే పెట్టాను. పాస్‌వర్డు మాత్రం మూడింటికీ ఒకటే.

ఆ రోజు హాస్టల్‌కు పోయే బస్సులో ఉండగా, వేరే ఊళ్లో ఉన్న అన్న ఫోన్ చేశాడు. "నంబర్లు సెప్పు పాపా, ఇంటి కంప్యూటర్లోంచి ఫోటోలు తియ్యాల."

నలుగురిలో తమిళంలో నోరు విప్పని దాన్ని. తెలుగు ఇంటి మాట, బస్సులో ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, ఇంటి నెట్ అడ్రసు, పోర్టు నంబర్లు, పాస్‌వర్డు గట్టిగా రెండుసార్లు చెప్పాను. తర్వాత కిటికీ వైపు తిరిగి పుస్తకం తెరిచాను.

సాత్తూరు దాటాక, వేళ్లకు అగ్గిపుల్లల మందు మరకలున్న పక్క సీటు పెద్దామె నా మోచేయి తాకింది.

"మీ ఇంట తెలుగా పాపా?"

తలూపాను.

"ముందు సీటాయనా మనోడే. ఎక్కేటప్పుడు నాతో తెలుగే మాట్లాడె. నువ్వు సెప్పిందంతా టికెట్టు ఎనక రాసుకొనె."

ఆ సీటు ఖాళీగా ఉంది. ఎక్కడ దిగాడని అడిగాను.

"సాత్తూరులో. నీ దిక్కు సూసి నవ్వె. నీకు తెలిసినోడేమో అనుకుంటిని."